వెంట్రుక దూరని కిటికీ

మధ్యాహ్నం రెండూ పదికి రాసినప్పుడు గాలి కొలిచే మూడో డబ్బా మీద ఎనిమిది వందల డెబ్బై ఉంది, రెండూ ఇరవైకి వెయ్యీ నలభై, ఇప్పుడు రెండున్నర, పన్నెండు వందల పది, మిగతా రెండు డబ్బాలూ మాత్రం ఆకుపచ్చ దీపాలు పెట్టుకుని మాకేం తెలియదన్నట్టు కూర్చున్నాయి. ఒకే బల్ల మీద జానెడు జానెడు ఎడంలో ఉన్నవి మూడూ మూడు మాటలు చెబుతుంటే ఎవరిని నమ్మాలి. అల్లుడు నమ్మడం ఎప్పుడో అయిపోయింది. మూడోది చెడిపోయిన సరుకు మావయ్యా, తెల్లారేసరికి రెండువేల నాలుగొందలు చూపిస్తుంది, ఏ ఇంట్లోనైనా అంత ఉంటుందా, మనమేమైనా సీసాలో పెట్టి బిరడా కొట్టిన మనుషులమా అని నవ్వాడు, నేనూ నవ్వాను. వారం రోజులు వాడి చూసి ఒకటి ఉంచుకోండి, మిగతా రెండూ వెనక్కివ్వండి అని కొట్టువాళ్ళు ఇచ్చారట, ఆ వారం ఇవాళ్టితో సరి, నాలుగింటికి వాళ్ళ మనిషి వస్తాడు. మొదటిది నున్నటి గులకరాయిలా ఉంటుంది, దుమ్ము కొలుస్తుంది. రెండోది గోడకి తగిలించేది, తేమా వాసనలూ చూస్తుంది. ఆ రెండూ ఇంటితో మాట్లాడతాయి, గాలి పాడైతే ఫ్యాను అవే వేసుకుంటాయి, గోడలో ఉండే ఆవిడ, మనిషి కాదు, గొంతొక్కటే, ఆవిడ చేత మనకి చెప్పిస్తాయి. ఈ ఇంట్లో దీపాలకీ తలుపులకీ కూడా బుర్ర ఉంది, నేను గదిలోకి వస్తే దీపం లేచి నిలబడుతుంది, నా జీవితంలో నాకు అంత మర్యాద ఎవరూ చెయ్యలేదు. మూడోది సబ్బుపెట్టంత బూడిదరంగు డబ్బా, మాటా లేదు పలుకూ లేదు, అంకె ఒక్కటే, నాలాంటిదే. మనుషులు వదిలిన ఊపిరి గదిలో ఎంత పేరుకుందో అది చెబుతుందట. నాకు చదువు ఊళ్ళో బడి వరకే గనక కూతురు మూడింటి ముందూ చీటీలు పెట్టి వెళ్ళింది, దుమ్ము, తేమ, ఊపిరి. మూడో చీటీ కింద సన్నగా ఇంకో ముక్క, బయట నాలుగొందల పైచిలుకు ఉంటుంది, లోపల వెయ్యి దాటకూడదు. పది నిమిషాలకోసారి రాస్తుండు నాన్నా, నీకు ఓపిక ఎక్కువ కదా అంది. నిజమే, వడ్రంగికి ఓపిక లేకపోతే వేళ్ళు ఉండవు.

ఎదురుగా మంచం మీద మనవరాలు నిద్రపోతోంది, తలనొప్పని ఇవాళ బడికి పంపలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల, గువ్వలాగా ముడుచుకుని పడుకుంటుందని గువ్వ అనే పిలుస్తాం. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, నుదుటి మీద జుట్టు తడిసి అంటుకుంది, గదేమో చల్లగానే ఉంది, మరి చెమట ఎందుకు. ఈ పిల్ల పొద్దున్నే లేచి తలనొప్పి అంటుంది, బడిలో మొదటి గంటకే తూలుతుంది, అడిగినదే అడుగుతుంది, రెండేళ్ళ కిందట చదివి చెప్పిన కథ ఇప్పుడు చదవమంటే అక్షరాల మీద వేలు పెట్టి ఆగిపోతుంది. కళ్ళు చూపించారు, రక్తం చూపించారు, అన్నీ బాగున్నాయన్నారు, బాగున్నాయంటే మిగిలింది బద్ధకమేగా. నేనూ అన్నాను. మొన్న పొద్దున్నే దుప్పటి లాగి లేవవే సోమరిపోతూ, మీ అమ్మ నీ ఈడుకి ఇల్లు ఊడ్చేది అన్నాను. కూతురొక్కతే, ఎందుకోగానీ, గాలి చూపిద్దాం అంది, దానికే ఈ డబ్బాలు. ఇప్పుడు మొగుడూ పెళ్ళాలిద్దరూ బడికి వెళ్ళారు, టీచరు రమ్మంది. కింది తరగతిలో వేస్తుందట. కింది తరగతిలో వేస్తే ఏమవుతుంది, వెనక బల్ల మీద కూర్చున్న పొడుగాటి పిల్ల అవుతుంది, నేనూ అలాగే కూర్చున్నాను, ఆ బల్ల మీద ఒకసారి కూర్చున్నవాడు అందులోంచి లేచినా అది వాణ్ణి వదలదు. రెండూ నలభై. పదమూడు వందల తొంభై.

అంకె చూస్తూ ఉంటే చెయ్యి దురద పెట్టింది. చెడిపోయిందని అల్లుడన్నాడు సరే, చెడిపోయిన పనిముట్టు ఇంత బుద్ధిగా ఎక్కుతుందా. నూట డెబ్బై, నూట డెబ్బై, నూట ఎనభై. చెడిపోయింది ఎగరాలి, దూకాలి, ఒకసారి చావాలి. మాకు చదును చూసే రసమట్టం మీద అనుమానం వస్తే దాన్ని తిట్టం, అక్కడే తిప్పి పెడతాం, రెండువైపులా ఒకే మాట చెబితే అది నిజం చెబుతున్నట్టు, లేదంటే నిజం తెలిసిన చోటికి తీసుకెళ్తాం, అంచుదాకా నిండిన నీళ్ళ తొట్టి మీద పెడతాం, నీళ్ళు అబద్ధమాడవు. దీనికి నీళ్ళ తొట్టి ఏది. చీటీ మీదే రాసి ఉంది, బయట నాలుగొందల పైచిలుకు. వారం రోజుల నుంచీ ఈ డబ్బాని ఎవరూ గుమ్మం దాటించలేదు, ఇంట్లో పెట్టుకునే డబ్బాని బయటికెందుకు తీసుకెళ్తారు, చదువుకున్నవాళ్ళు కదా, రాసిందే చేస్తారు. తీగ పీకితే ఆరిపోతుందేమో అనుకున్నాను, ఆరలేదు, లోపల దాని తిండి దానికుంది. అరచేతిలో పెట్టుకుని వసారాలోకి వెళ్ళి నిలబడ్డాను. కింద వీధిలో బస్సు ఆగి మనుషుల్ని దింపుతోంది, ఎదురింటావిడ కాళ్ళపట్టా దులుపుతోంది, దుమ్ము ఎండలో బంగారంలా లేచింది, మొదటి డబ్బా గనక దాన్ని చూస్తే కేకలు పెట్టేది. నా చేతిలోది పన్నెండొందలయింది. తొమ్మిది వందలు. ఊపిరి దాని మీద పడకుండా చెయ్యి దూరంగా చాచి పట్టుకున్నాను, చూసేవాళ్ళకి పిచ్చుకకి గింజలు వేస్తున్నట్టుంది కాబోలు, ఎదురింటావిడ పట్టా దులపడం ఆపి చూసింది. ఆరొందల యాభై. అయిదు వందలు. నాలుగొందల ముప్ఫై. అక్కడ ఆగింది. ఎంతసేపు చూసినా అక్కడే ఉంది, గట్టు ఎక్కిన మనిషి కూర్చున్నట్టు. దానికేం కాలేదు. ఇది నిజం చెబుతోంది, వారం నుంచీ చెబుతోంది, మేం నవ్వుతున్నాం.

డబ్బాని లోపలికి తెచ్చి బల్ల మీద పెడితే మళ్ళీ ఎక్కడం మొదలెట్టింది, నేనేమో గది మధ్యలో నిలబడి గదిని చూస్తున్నాను. నాలుగు గోడలు, తలుపు, కిటికీ. గాలి పోవాలంటే ఎటు పోవాలి. గోడ తాపీవాడిది, దాని సంగతి వాడికి తెలుసు. తలుపు నాది. కిటికీ నాది. ఇల్లు కట్టేటప్పుడు ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు, నా కూతురి ఇంటికి నేను కాక ఎవరు పని చేస్తారు అని నాలుగు నెలలు ఇక్కడే పడుకున్నాను. కిటికీలు మాత్రం ఫ్యాక్టరీలో చేసినవి తెప్పించాడు అల్లుడు, చెక్కవే, రెండు అద్దాలవి, విప్పి చూశాను, మంచి చెక్క, మంచి కూర్పు, ఒక్కటే నచ్చలేదు. పై చట్టంలో బారెడు పొడుగున సందు. చిటికెన వేలు పట్టేంత సందు, ఇటు నుంచి అటు ఆకాశం కనిపిస్తోంది. నాకు సిగ్గేసింది, చేసింది నేను కాకపోయినా సిగ్గేసింది. నాకు పని నేర్పిన మేస్త్రి అతుకు వేశాక తన తలలో వెంట్రుక ఒకటి పీకి సందులో దూర్చేవాడు, దూరితే ఆ వెంట్రుక నా నోట్లో పెట్టించేవాడు. నమిలి మింగరా, నీ పని రుచి చూడు. పద్నాలుగేళ్ళ వయసులో ఎన్ని మింగానో, ఆయన బట్టతలకి సగం కారణం నేనే అని తోటివాళ్ళు ఏడిపించేవాళ్ళు. ఆ తర్వాత నా పనిలో వెంట్రుక దూరలేదు, నలభై ఏళ్ళలో దూరలేదు. అటువంటిది చిటికెన వేలు దూరే సందు నా కూతురి ఇంట్లోనా. సన్నటి రంపపు పొట్టు జల్లెడ పట్టి, జిగురుతో పిసికి, సందు నిండా కూరాను, ఆరాక గరుకు కాగితంతో రుద్దాను, చెక్క చారలు కలిసేట్టు సన్న కుంచెతో గీతలు కూడా గీశాను, పైన వార్నిష్. పదకొండు కిటికీలకీ. కిటికీలతోపాటు ఒక సంచిలో పొడుగాటి ప్లాస్టిక్ రెక్కలు వచ్చాయి, ఎందుకో తెలియలేదు, మిగులు సామానేమో అని మూల పడేశాను. ఎవరికీ చెప్పలేదు. ఫ్యాక్టరీవాడి తప్పు దిద్దానని చాటుకోవడం ఎందుకు, మంచి పని కనబడకూడదు.

పదకొండు కిటికీలకీ. ఒకే చోట, ఒకే పొడుగు, అంచులు అద్దంలా నున్నగా. ఓరి దేవుడా. తప్పు అంత తిన్నగా రాదు. ఉలి జారితే ఒకచోట జారుతుంది, చెక్క చీలితే ఒక చెక్క చీలుతుంది, పదకొండింట్లో ఒకే చోట ఒకే కొలతకి వచ్చిందంటే ఎవరో కూర్చుని ఆలోచించి గీత గీసి పెట్టించినది అది. ఆ రెక్కలు దాని మూతలు, కావాలంటే తెరుచుకోవడానికి, చలేస్తే మూసుకోవడానికి. నలభై ఏళ్ళు చెక్క పట్టుకున్నవాణ్ణి, ఇది తెలియక్కర్లేదా నాకు. కొత్తగా పనిలోకి వచ్చినవాడైతే అడిగేవాడు, ఇదేమిటి మేస్త్రీ అని. నేను అడగలేదు, తెలిసినవాడు అడగడు కదా. వాళ్ళు ముక్కు పెట్టి పంపితే నేను మూసి రంగేశాను. రెండేళ్ళు. రెండేళ్ళ నుంచీ ఈ పిల్ల తను వదిలిందే తను మళ్ళీ పీల్చుకుంటూ, పక్కన పడుకున్న తల్లి వదిలింది కూడా పీల్చుకుంటూ. దుమ్ము వస్తుందని పగలు కిటికీ తియ్యరు, ఈ వారమైతే తియ్యగానే మొదటి డబ్బా ఎర్రబడుతుంది, ఆవిడ మూయమంటుంది, రాత్రి చల్లటి మిషన్ కోసం తియ్యరు. మా ఆవిడ వచ్చినప్పుడు ఒక్క రాత్రి పడుకుంది ఈ గదిలో, పొద్దున్నే దుప్పటి చుట్టుకుని హాల్లోకి వెళ్ళిపోయింది, నాకు ఊపిరాడదయ్యా అందులో అంది. చాపకి అలవాటుపడ్డ ఒళ్ళు, పరుపు పడట్లేదు అని నేను పదిమందిలో వెక్కిరించాను. నీ కిటికీ మీద ఈగ వాలనివ్వవు కదా అని ఊరుకుంది. అక్షరం ముక్క రాని మనిషి ముక్కుతో చెప్పేసింది, మాకు మూడు డబ్బాలు కావలసొచ్చాయి. మూడూ పది. పిల్ల ఇటు తిరిగి పడుకుంది. పదిహేను వందల తొంభై.

అప్పుడు ఒక మాట వచ్చింది మనసులోకి, వచ్చిందని ఒప్పుకోవాలి. నాలుగింటికి కొట్టు మనిషి వస్తాడు. మూడోది చెడిపోయిందని ఇంటిల్లిపాదీ తేల్చేశారు, దాన్ని పెట్టెలో పెట్టి ఇచ్చేస్తారు, ఆకుపచ్చ దీపాలు మిగులుతాయి. నేను ఉలి తెచ్చుకుని, కిటికీలు నూనె పెడతానని ఒక వారం ఉండి, ఒక్కొక్కటే సందు తెరిచి ఆ రెక్కలు బిగించి వెళ్ళిపోతే ఎవరికీ తెలియదు, పిల్ల బాగుపడుతుంది, నా పేరు నాకుంటుంది. మంచి పని కనబడకూడదు కదా. ఎంత నున్నగా వచ్చిందో ఆ ఆలోచన, గరుకు కాగితం అక్కర్లేకుండా. కానీ పిల్ల మీద పడిన మాటల సంగతేమిటి. అవి ఎవరు తోమి తీస్తారు. ఈపాటికి ఆ టీచరు ఎదురుగా కుర్చీల్లో కూర్చుని కూతురు తల దించుకుని ఉంటుంది. లేచి కిటికీ రెక్క బార్లా తీశాను. వీధి మొత్తం లోపలికి వచ్చినట్టయింది, హారన్లు, ఎవరో ఎవరినో పిలుస్తున్న కేక, ఎండ వాసన. మొదటి డబ్బా భగ్గున ఎర్రబడింది, గోడలో ఆవిడ మేలుకుంది.

"గదిలో దుమ్ము పెరిగింది. దయచేసి కిటికీ మూయండి."

"నోరు ముయ్యి."

"క్షమించండి, నాకు అర్థం కాలేదు."

"నాకూ ఇప్పుడే అయింది."

మంచం కిర్రుమంది. పిల్ల లేచి కూర్చుని కళ్ళు నులుముకుంటోంది, నన్ను చూసి గబగబా ఒళ్ళు సర్దుకుంది. "నేను నిద్రపోలేదు తాతా. ఊరికే కళ్ళు మూసుకున్నా అంతే." ఎవరూ అడగలేదు దాన్ని. ఎవరూ ఏమీ అనలేదు. నిద్ర లేస్తూనే సంజాయిషీ చెప్పుకోవడం అలవాటైపోయింది ఈ పిల్లకి, ముద్దాయిలాగా, దాని సొంత మంచం మీద. మొన్న నేను లాగిన దుప్పటే తీసి దాని ఒళ్ళో కప్పాను. నువ్వు నిద్రపోవచ్చమ్మా, తప్పు లేదు అన్నాను. అది నన్ను అనుమానంగా చూసింది. తాతా, ఒంట్లో బాగాలేదా నీకు అంది.

సంచిలోంచి సన్న ఉలి తీశాను, నేను ఎక్కడికెళ్ళినా అది వస్తుంది. కుర్చీ ఎక్కి పై చట్టం తడిమితే సందు దొరకదు, నా చేత్తో నేను కూరినది నాకే దొరకదు, అంత బాగా కలిపాను. కళ్ళు మూసుకుని వేలి కణుపుతో కొట్టుకుంటూ పోయాను, చెక్క ఒక చప్పుడు, పొట్టు ఒక చప్పుడు, మొద్దుగా. అక్కడ పెట్టి ఒక పోటు. పోలేదు. నా జిగురు నాతోనే పోట్లాడింది. ఇంకోటి. నాలుగో పోటుకి బెరడులా ఊడి నా మొహాన పడింది, వేలెడు మేర వెలుతురు కనిపించింది, పెదవులు తడి చేసుకుని అక్కడ పెట్టాను. సన్నగా, చల్లగా, దారంలా తగిలింది గాలి. నేనూ, నేనూ అని పిల్ల కుర్చీ ఎక్కింది, ఎత్తుకుంటే తనూ పెదవులు పెట్టి చూసి నవ్వింది. అదే సమయానికి వీధి తలుపు తనంతట తాను తెరుచుకుంది, యజమాని వచ్చాడు కదా.

కూతురు చెప్పులు విప్పకుండానే గదిలోకి వచ్చి మంచం మీద కూలబడింది. పిల్లని హాల్లో బొమ్మల దగ్గర కూర్చోబెట్టి తలుపు దగ్గరకి వేశాను.

"ఏమన్నారమ్మా?"

"ఏమంటారు. వచ్చే సోమవారం నుంచి కింది తరగతి. సంతకం పెట్టమన్నారు, ఆలోచించుకుంటామని వచ్చాం." అప్పుడు చూసింది కిటికీ. "అదేంటి నాన్నా, కిటికీ తీశావ్? ఆ పొట్టేంటి నెత్తి మీద?"

నాకు మాటలు తక్కువ. పెళ్ళిచూపుల్లో కూడా మా మావగారు ఈ అబ్బాయికి మాటలొచ్చా అని అడిగారట. ఉన్న మాటలన్నీ పోగేసి చెప్పాను. డబ్బాని బయటికి తీసుకెళ్ళాను, నాలుగొందల ముప్ఫై చూపించింది, అది చెడిపోలేదు. కిటికీల పైన గాలి సందులుండేవి, ఫ్యాక్టరీవాడు పెట్టినవి. నేను పూడ్చాను. అన్నిటికీ. తప్పనుకుని.

అల్లుడు కిటికీ దగ్గరికెళ్ళి తల ఎత్తి చూస్తూ నిలబడిపోయాడు. "మావయ్యా, ఇక్కడ సందు ఉందని నాకే తెలియదే. నేనే కొన్నాను ఇవి." కూతురు నా వంక చూడలేదు, చేతులు చూసుకుంటోంది.

"రోజూ తిట్టాను నాన్నా దాన్ని," అంది. "రెండేళ్ళు, రోజూ, పొద్దున్నే. ఒకరోజు కొట్టాను కూడా."

నన్ను తిట్టినా బాగుండేది. అల్లుడు మంచివాడు, ఎవరు బాధపడినా చూడలేడు, గొంతు సవరించుకుని అందుకున్నాడు. "సరేలే, పోనిద్దురూ. తెలిసింది కదా, మన ఇంటి వరకేగా, తెరిచేసుకుంటే అయిపోతుంది. అయినా ఆ టీచరు మాటలు పట్టించుకోకు. తరగతి తరగతంతా మధ్యాహ్నానికి తూలుతోందని ఆవిడే అంది కదా. కొత్త గదుల్లోకి మారిన దగ్గర్నుంచీ ఇదే వరస అట, మనది పొద్దున్నే మొదలెడుతుంది, మిగతావాళ్ళు అన్నం తిన్నాక, అంతే తేడా. ఫోన్లు చూసి చూసి ఈ కాలం పిల్లలు ఇంతే అని అరగంట ఉపన్యాసం."

కొత్త గదులు. గదికి నలభై మంది. ఈ ఇంట్లో పనితనం చూసే బడివాళ్ళు పిలిచారు నన్ను, కిందటి వేసవిలో, అదే ఫ్యాక్టరీ కిటికీలు, ప్రధానోపాధ్యాయుడు స్వయంగా మంచినీళ్ళు తెచ్చిచ్చాడు, దగ్గరుండి చూసి మీది చెయ్యి కాదండీ, మంత్రం అన్నాడు, ఆ మాట ఇంటికొచ్చి మా ఆవిడకి రెండుసార్లు చెప్పాను. రంపపు పొట్టు చాలక పక్క మిల్లు నుంచి గోనెసంచెడు తెప్పించాను.

గంట మోగింది. గుమ్మం దగ్గర ఎవరో ఉన్నారని గోడలో ఆవిడ చెప్పింది. అల్లుడు అట్టపెట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "కొట్టతను వచ్చాడు. ఊపిరిదే ఉంచుకుందామా మరి? దానికి ఇంటితో మాట్లాడటం రాదు."

"రాకపోతే పోనీ," అని నేను దాన్ని తీసి చొక్కా జేబులో వేసుకున్నాను, ఉలి సంచిలో పెట్టుకున్నాను. బడికి తాళం ఎన్నింటికి వేస్తారో గుర్తు చేసుకుంటున్నాను, చెప్పులు కనబడటం లేదు.

"ఎక్కడికి నాన్నా?"

"ఇరవై నాలుగు."

"ఏమిటి ఇరవై నాలుగు?"

"బడి కిటికీలు," అన్నాను.